ఒకే మొక్కకు మూడు న్యాయాలు

ఫాల్గుణమాసం వచ్చిందంటే ఉత్తరభారతంలో ఠండాయి అంగళ్లకు గిరాకీ పెరుగుతుంది. బాదంపప్పు, గసగసాలు, సోంపు, మిరియాలు, గులాబీరేకులు నూరి పాలలో కలిపే ఆ చల్లని పానీయంలో, కోరినవారికి ఒక ఆకుపచ్చని ముద్దను కూడా కలిపి ఇస్తారు. అదే భంగు. కాశీ వీథులలో భంగు దుకాణాలను నేను చూశాను. ప్రభుత్వ లైసెన్సు పొందిన దుకాణమని వాటి ముఖద్వారం మీదనే హిందీలో రాసి ఉంటుంది. శివరాత్రినాడు, హోళీనాడు గృహస్థులు సైతం సంకోచం లేకుండా సేవించే ఈ పదార్థం ఏ మొక్క నుంచి వస్తున్నదో, మన విశాఖ మన్యంలో పోలీసులు నరికి తగులబెడుతున్నది కూడా ఆ మొక్కనే. ఒకచోట ఖజానాకు ఆదాయం, మరొకచోట పదేళ్ల కారాగారం. ఇందులోని మర్మమేమిటో తెలుసుకోవాలంటే ముందుగా చట్టం తెరచి చూడాలి.

1985లో పార్లమెంటు ఆమోదించి, ఆ ఏడాది నవంబరు 14 నుంచి అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టాన్ని వాడుకలో ఎన్.డి.పి.ఎస్. చట్టమంటారు. గంజాయి మొక్కను ఈ చట్టం మూడు భాగాలుగా విడదీసింది. మొక్క నుంచి వేరుచేసిన బంక చరస్. పూత, కాయ పట్టిన కొసలు గంజాయి. ఈ రెండూ నిషిద్ధాలే. కొసలతో కలవకుండా విడిగా ఉన్న ఆకును, గింజను మాత్రం చట్టం తన నిర్వచనం నుంచి మినహాయించింది. భంగు తయారయ్యేది ఆకుతో గనుక అది ఈ చట్టం పరిధిలోకి రాదు. రాష్ట్రాల ఎక్సైజు చట్టాలకే లోబడి ఉంటుంది. అందుకే ఒక రాష్ట్రంలో భంగుకు లైసెన్సు దుకాణం ఉంటే, మరొక రాష్ట్రంలో అది కూడా నేరమవుతుంది. 2022 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో భంగు ఈ కేంద్ర చట్టం కిందకు రాదన్న అంశాన్ని మరొకసారి స్పష్టం చేసింది. మన రైతులు నారకోసం వేసే జనుముకూ, గోగుకూ ఈ మొక్కతో బంధుత్వం లేదని కూడా ఇక్కడే చెప్పుకోవడం మంచిది.

ఈ విభజన ఎవరో అధికారి తోచినట్లు చేసినది కాదు. దాని వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలకులు గంజాయి మీద పన్ను వసూలు చేసేవారు. బెంగాలులోని నౌగావ్ ప్రాంతంలో లైసెన్సుల మీద సాగు జరిగేది. హిందూదేశంలోని పిచ్చాసుపత్రులు గంజాయి తాగేవారితో నిండిపోతున్నవన్న ఆరోపణలు ఇంగ్లండులో చెలరేగగా, 1893లో కామన్సు సభలో ప్రశ్న వచ్చింది. ఫలితంగా మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఒక కమిషన్ ఏర్పడింది. అందులో ముగ్గురు భారతీయులు కూడా సభ్యులు. ఆ కమిషన్ దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో అనేక సంపుటాల నివేదికను సమర్పించింది.

ఆ నివేదికలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పిచ్చాసుపత్రుల ప్రకరణం. రోగిని చేర్చుకునేటప్పుడు నింపే కాగితంలో ఉన్మాదానికి కారణమేమిటో రాయాలి. సరియైన కారణం తెలియనప్పుడు, రోగి ఎప్పుడైనా గంజాయి తాగాడని వింటే చాలు, అదే కారణంగా నమోదయ్యేది. ఆ కాగితాలే గణాంకాలయ్యాయి. ఆ గణాంకాలే ఆరోపణలయ్యాయి. కమిషన్ సభ్యులు ఒక్కొక్క కేసునూ తిరిగి పరిశీలించగా వాటిలో పెక్కు నిలబడలేదు. మితంగా వాడేవారికి చెప్పుకోదగిన హాని కలగడం లేదని, అతిగా వాడితే హాని తప్పదని, సంపూర్ణ నిషేధం అవసరమూ కాదు, ఉచితమూ కాదని, పన్నుల ద్వారా అదుపు చేయడమే మార్గమని కమిషన్ తేల్చింది. పన్నుల ఆదాయం మీద సర్కారుకు మమకారం ఉన్న మాట నిజమే. అయినా అంత ఓపికగా జరిగిన విచారణ ఈ విషయంలో మన దేశంలో మళ్లీ జరగలేదని నా అభిప్రాయం.

1961లో న్యూయార్క్‌లో కుదిరిన మాదకద్రవ్యాల అంతర్జాతీయ ఒడంబడికతో పరిస్థితి మారింది. గంజాయిని ఆ ఒడంబడిక హెరాయిన్ సరసన, అత్యంత ప్రమాదకరమైన ద్రవ్యాల జాబితాలో కూర్చోబెట్టింది. అయితే కొసలు లేని ఆకును నిర్వచనం నుంచి తప్పించింది. అనాదిగా వాడుక ఉన్న దేశాలకు, వైద్యేతర వినియోగాన్ని మాన్పించుకోవడానికి ఒడంబడిక అమలులోకి వచ్చిన 1964 డిసెంబరు నుంచి 25 ఏళ్ల గడువు ఇచ్చింది. ఆ గడువు తీరబోతున్న వేళ మన పార్లమెంటు 1985లో చట్టం చేసింది. ఒడంబడికలోని ఆకు మినహాయింపే మన చట్టంలోకీ వచ్చింది. కాశీలోని భంగు దుకాణం తలుపులు తెరిచి ఉండడానికి మూలం అదే.

శిక్షల విషయంలోనూ ఒక చిత్రమైన పరిణామం జరిగింది. మొదట 1985లో గంజాయికి గరిష్ఠ శిక్ష అయిదేళ్లు. 2001లో చట్టాన్ని సవరించి, పట్టుబడిన పరిమాణాన్ని బట్టి శిక్షలను నిర్ణయించారు. చిన్న దోషులకు చిన్న శిక్ష, పెద్ద వ్యాపారులకు పెద్ద శిక్ష పడాలన్నది ఉద్దేశం. కిలో వరకు గంజాయి చిన్న పరిమాణం; దానికి నేడు ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. దానికి పదేళ్లకు తగ్గని, ఇరవై ఏళ్ల వరకు పొడిగించదగిన జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. వాణిజ్య పరిమాణం కేసులలో బెయిలు దొరకడం బహు కష్టం. నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని కోర్టు విచారణకు ముందే సంతృప్తి చెందాలని 37వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

ఆ సెక్షన్ ఎవరిమీద పడుతున్నదో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక పనిమీద ఢిల్లీలోని ఒక కోర్టుకు వెళ్లినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలకు చెందిన ఒక యువకుని చూశాను. విశాఖపట్నం నుంచి నిజాముద్దీన్ వచ్చే రైలులో రెండు సంచులతో పట్టుబడ్డాడు. కోర్టులో సాగుతున్న హిందీ అతనికి రాదు. నేను తెలుగులో పలకరిస్తే తడుముకుంటూ జవాబిచ్చాడు. అతని ఇంటిభాష కువి. సంచులు ఢిల్లీ చేర్చితే అయిదు వేలు ఇస్తామన్నారట. ఇచ్చినవాని పూర్తిపేరు తెలియదు, పుచ్చుకునేవాని ముఖం తెలియదు. రెండు సంచుల బరువు 20 కిలోలు దాటింది. సరుకు యజమాని ఎక్కడ ఉన్నాడో గాని, చట్టం దృష్టిలో వాణిజ్యవేత్త ఈ కుర్రవాడే. సంచులలో పూతకొసలతోపాటు ఆకు, కాడలు ఎంత ఉన్నవో వేరుచేసి తూచలేదని అతని వకీలు వాదిస్తున్నాడు. ఆకు గంజాయి కాదన్న ఆ చిన్న నిర్వచనం మీద ఒక మనిషి పదేళ్ల జీవితం వేలాడుతున్నది.

ఇక ఔషధ విషయం. ఆయుర్వేదం ఈ మొక్కను విజయ అని పిలిచింది. శార్‌ఙ్గధర సంహిత, భావప్రకాశం వంటి మధ్యయుగ గ్రంథాలు దీని గుణదోషాలను వివరించాయి. అతిసారానికి ఇచ్చే జాతీఫలాది చూర్ణంలో ఇది ఒక ముఖ్య ద్రవ్యం. అయితే మన వైద్యులు దీనిని అమృతమని పొగడి ఊరుకోలేదు; శోధన చేయకుండా వాడరాదన్నారు. నేటి ఔషధ నిబంధనలు సైతం దీనిని ఆయుర్వేద విషద్రవ్యాల పట్టికలో చేర్చి, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక తప్పనిసరి చేశాయి.

పాశ్చాత్య వైద్యానికి దీనిని పరిచయం చేసినది కలకత్తానే. అక్కడి వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన ఐరిష్ వైద్యుడు ఓషానెసీ, ముందు జంతువుల మీద, తరువాత రోగుల మీద ప్రయోగించి 1839లో తన ఫలితాలను వెల్లడించాడు. కీళ్లవాతం, ధనుర్వాతం, పసిపిల్లల మూర్ఛలలో ఇది బాధను, కండరాల బిగింపును తగ్గించిందని రాశాడు. ఈ దేశంలో తంతితీగలు వేయించినవాడు కూడా ఆయనే. కాని మొక్కలోని సారమేమిటో తెలియడానికి మరి నూటపాతికేళ్లు పట్టింది. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు రఫాయెల్ మెషూలమ్, తన సహచరుడు గావోనీతో కలిసి మత్తుకు మూలమైన టి.హెచ్.సి.ని వేరుచేశాడు. మత్తు కలిగించని సి.బి.డి. అనే మరొక పదార్థం నిర్మాణాన్ని అంతకు ముందు ఏడాదే నిర్ధారించాడు. 1988లో మెదడులో ఈ పదార్థాలు అంటుకునే గ్రాహకాలు బయటపడ్డాయి. గంజాయికోసం ప్రకృతి మన మెదడులో పీట వేసి ఉంచదు గదా! శరీరం తనంతట తానే అటువంటి పదార్థాన్ని తయారు చేసుకుంటున్నదని 1992లో తేలింది. దానిని కనుగొన్నవారు సంస్కృతంలోని ఆనంద శబ్దాన్ని తీసుకుని ఆనందమైడ్ అని నామకరణం చేశారు.

నేడు వైద్యశాస్త్రం నిశ్చయంగా చెప్పగలిగినది కొంత ఉంది. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో ప్రకటించిన సమీక్ష ప్రకారం మూడు సందర్భాలలో గట్టి ఆధారాలున్నాయి: పెద్దలలో దీర్ఘకాలిక నొప్పి, క్యాన్సర్ మందుల వల్ల కలిగే వాంతులు, మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల కండరాల బిగింపు. వాంతులకు టి.హెచ్.సి. మాత్రను అమెరికా అనుమతించినది, మనం ఈ మొక్కను నిషేధించిన 1985లోనే కావడం యాదృచ్ఛికమే అయినా గమనార్హం. పిల్లలలో వచ్చే రెండు అరుదైన, మొండి మూర్ఛవ్యాధులకు శుద్ధిచేసిన సి.బి.డి. ద్రవాన్ని 2018లో అక్కడ ఆమోదించారు. అదే సమీక్ష మరొక పార్శ్వాన్నీ చూపింది. వాడకం ఎంత అధికమైతే స్కిజోఫ్రీనియా వంటి మనోవ్యాధుల అపాయం అంత అధికమని, చిన్నవయసులో మొదలుపెట్టినవారికి వ్యసనంగా మారే ప్రమాదం ఎక్కువని చెప్పింది. మందు అన్నమాట వినగానే ఈ రెండో పార్శ్వాన్ని మరిచిపోయేవారు ఢిల్లీలోనూ తక్కువేమీ కాదు.

ఈ మధ్య గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు నాకు ఉత్తరం రాశారు. ఆయన భార్యకు క్యాన్సర్. గంజాయి నూనెతో పుండు కరిగిపోతుందని ఎవరో చెప్పారట. చిన్న సీసాకు వేలు అడుగుతున్నారట. ఢిల్లీలో నిజమైన సరుకు దొరుకుతుందా, కొంటే నేరమా అని అడిగారు. ఇటువంటి ప్రశ్నకు జవాబు రాయడం సులభం కాదు. నాకు తెలిసినంతలో రాశాను: క్యాన్సర్‌ను ఈ మొక్క నయం చేస్తుందని మనుషుల మీద జరిగిన పరీక్షలలో రుజువు కాలేదు, వాంతులు, నొప్పి తగ్గడానికి కొందరికి ఉపకరిస్తుంది, ఆకు నుంచి తీసిన విజయ ఔషధాలను లైసెన్సు ఉన్న ఆయుర్వేద సంస్థలు తయారు చేస్తున్నాయి, అవి వైద్యుని చీటీ మీదనే కొనాలి, పేరులేని సీసాలో ఏముందో అమ్మేవానికే తెలియదు, ఏది వాడదలచినా చికిత్స చేస్తున్న డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు, ఎందుకంటే ఇతర మందుల పనిని ఇది మార్చివేయగలదు, అన్నిటికంటె ముందు, నొప్పికి మార్ఫీన్ ఇస్తున్నారో లేదో అడగండి.

మార్ఫీన్ మాట ఊరికే రాయలేదు. నల్లమందును చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాలలో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు కేంద్రప్రభుత్వ లైసెన్సుల మీద పండిస్తారు; నీమచ్, ఘాజీపూర్ కర్మాగారాలలో శుద్ధి జరుగుతుంది. అయినప్పటికీ 1985 చట్టం తరువాత మన ఆసుపత్రులలో మార్ఫీన్ వాడకం దారుణంగా పడిపోయింది. వైద్య అవసరాలకు చట్టం అడ్డుచెప్పలేదు. కాని రాష్ట్రానికొక రీతి లైసెన్సులు, ఏ చిన్న పొరపాటుకైనా జైలు భయం కలిసి, ఆసుపత్రులు, మందుల దుకాణాలు ఆ మందు ఉంచుకోవడమే మానుకున్నాయి. క్యాన్సర్ రోగులు నొప్పితో మెలికలు తిరుగుతూ మరణించారు. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడగా, 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి అత్యవసర మాదక ఔషధాలకు దేశమంతటా ఒకే విధానం కల్పించింది. గంజాయికి కూడా 8వ సెక్షన్ వైద్య, శాస్త్రీయ అవసరాల మినహాయింపు ఇస్తున్నది. చట్టంలో తలుపు ఉంటే చాలదు, గడియ తీయాలని మార్ఫీన్ చరిత్ర చెబుతున్నది.

ఆ గడియ తీసే ప్రయత్నాలు కొన్ని జరుగుతున్నాయి. జమ్మూలోని కేంద్ర పరిశోధనా సంస్థ ఔషధ ప్రయోజనాలకోసం ఈ మొక్కను అనుమతితో పెంచి పరిశోధన సాగిస్తున్నది. 2018లో ఉత్తరాఖండ్, టి.హెచ్.సి. 0.3 శాతం మించని రకాన్ని నారకు, గింజకు సాగు చేయడానికి లైసెన్సు ఇచ్చింది. 2021లో ఆహార ప్రమాణాల సంస్థ ఈ గింజను, దాని నూనెను ఆహారంగా గుర్తించింది. 2024 సెప్టెంబరులో హిమాచల్ శాసనసభ, ఔషధ, పారిశ్రామిక అవసరాలకు సాగును అనుమతించాలన్న కమిటీ నివేదికను ఆమోదించింది. పార్వతీలోయ చరస్‌తో అపకీర్తి పాలైన రాష్ట్రం ఇటువంటి అడుగు వేయడం విశేషమే.

ఇరుగుపొరుగుల చరిత్ర కూడా మనకంటె భిన్నం కాదు. నేపాల్ 1973 వరకు ఖాట్మండూలో లైసెన్సు దుకాణాలు నడిపి, ఆ ఏడాది రద్దు చేసింది. శివరాత్రికి పశుపతినాథుని సన్నిధికి వచ్చే సాధువుల పొగ మాత్రం ఆగలేదు. బంగ్లాదేశ్‌కు సంక్రమించిన నౌగావ్‌లో గంజాయి రైతుల సహకార సంఘం ఎంతో కాలం వర్ధిల్లి, 1987 నిషేధంతో సాగు విరమించుకుంది. పాకిస్తాన్ 2024లో ఔషధ, పారిశ్రామిక అవసరాలకు ఒక నియంత్రణ సంస్థనే నెలకొల్పడానికి చట్టం చేసింది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో, గంజాయిని అత్యంత ప్రమాదకర ద్రవ్యాల జాబితా నుంచి తొలగించాలన్న ప్రతిపాదన 27 – 25 ఓట్లతో నెగ్గింది. అనుకూలంగా ఓటు వేసిన దేశాలలో భారతదేశం ఒకటి. వియన్నాలో చేయి ఎత్తిన ప్రభుత్వం ఢిల్లీకి తిరిగివచ్చి ఆ ఓటు అర్థమేమిటో ప్రజలకు వివరించి ఉంటే బాగుండేది.

సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఎయిమ్స్ జరిపి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, అంతకు ముందు ఏడాది కాలంలో ఈ మొక్క నుంచి వచ్చిన ఏదో ఒక పదార్థాన్ని వాడినవారు దేశంలో 3.1 కోట్లు. అందులో భంగు వాడినవారు 2.2 కోట్లు; గంజాయి, చరస్ వాడినవారు 1.3 కోట్లు. కోటికి పైబడిన జనాన్ని జైళ్లలో పెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. కనుక చేతికి దొరికినవానికే శిక్ష పడుతుంది. దొరికేవాడు తరచు పేదవాడు.

మన మన్యం సంగతి చూడండి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపరేషన్ పరివర్తన పేర వేల ఎకరాలలో తోటలు నరికించింది. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేచోట దహనం చేశారు. నిప్పు పెట్టడం ఒక్క పూట పని. బయటి వ్యాపారి ఇచ్చే బయానా స్థానంలో కాఫీ, మిరియం, పసుపు పంటలకు పెట్టుబడి, గిట్టుబాటు ధర చూపించడం ఏళ్ల పని. కాఫీ మొక్క నాటిన తరువాత కాపుకు వచ్చేదాకా మూడు నాలుగేళ్లు ఆ కుటుంబం ఏమి తినాలన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా తోటలు నరికితే, అవి మరొక లోయలో మొలుస్తాయి.

గంజాయిని విచ్చలవిడిగా వదిలివేయాలని నేను అనడం లేదు. బడిపిల్లల చేతికి అది చేరడం ఎంత అనర్థమో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. కాని వాడేవానిని వైద్యుని వద్దకు, వ్యాపారిని కోర్టుకు పంపించే విచక్షణ చట్టం అమలులో కనిపించాలి. తానంతట తాను చికిత్సకు ముందుకు వచ్చే వ్యసనపరునికి 64ఎ సెక్షన్ రక్షణ కల్పించింది. అది ఎందరికి తెలుసు? పట్టుబడిన సంచిలో ఆకు ఎంత, పూత ఎంత అన్నది వేరుచేసి తూచే నియమం దేశమంతటా ఒకటే ఉండాలి. ఔషధంగా నిలబడిన మేరకు, మోతాదు తెలిసిన మందు, పరీక్షించిన మందు సామాన్యునికి అందే ధరలో ఆసుపత్రికి చేరాలి. అప్పుడే పేరులేని సీసాల వ్యాపారం ఆగుతుంది. 1894 నాటి కమిషన్ వలె పిచ్చాసుపత్రుల కాగితాలను సైతం తిరగవేసి నిజానిజాలు తేల్చే సంఘాన్ని ఒకదానిని పార్లమెంటు నియమించడానికి ఇప్పుడు అభ్యంతరమేమీ ఉండరాదు. పరాయి ప్రభుత్వం చేయగలిగిన పని మన ప్రభుత్వం చేయలేనిది కాదు.